లక్ష చుట్ల లెక్క

పూణే,
14 జూన్ 1998.

ప్రియమైన తులసీ,

నీకు ఉత్తరం రాసి ఎనిమిది నెలలైంది. అవసరం పడితేనే గుర్తొస్తానా అని నువ్వు అనకముందే ఒప్పేసుకుంటున్నాను. అవసరం పడింది.

రిజిస్టర్డ్ పోస్టులో నీకొక కట్ట వస్తుంది. అరవై రెండు పేజీలు. నిరుడు మా గైడు గారూ నేనూ కలిసి వేసిన పేపరు వెనకున్న పూర్తి లెక్క అది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నువ్వు దాన్ని నీ చేత్తో మళ్లీ చేయాలి.

ఎమ్మెస్సీలో మనిద్దరం చదివింది లెక్కలే. ఇక్కడికొచ్చాక నేనేం చేస్తున్నానో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. చెబుతాను. గెలాక్సీల నడుమ పెద్ద పెద్ద కృష్ణబిలాలుంటాయి. ఒక్కోటి పది లక్షల సూర్యుళ్లంత బరువు, అంతకన్నా ఎక్కువ కూడా. అలాంటి దాని చుట్టూ ఒక చిన్న వస్తువు తిరుగుతోందనుకో. చిన్నదంటే పది సూర్యుళ్ల బరువున్న కృష్ణబిలమే. తిరుగుతున్నంతసేపూ దాన్నుంచి గురుత్వ తరంగాలు బయటికి పోతుంటాయి. అవి శక్తిని పట్టుకుపోతాయి కాబట్టి, ఆ వస్తువు చుట్టుచుట్టుకూ కాస్త లోపలికి జారుతుంది. పూర్తిగా పడిపోయే ముందు, ఆఖరి ఏడాదిలో, దాదాపు లక్ష చుట్లు తిరుగుతుంది. ఒక్కో చుట్టు ఐదారు నిమిషాలు.

ఆ తరంగాల్ని ఇంతవరకూ ఎవరూ పట్టుకోలేదు. అంతరిక్షంలో మూడు ఉపగ్రహాల్ని యాభై లక్షల కిలోమీటర్ల ఎడంలో నిలబెట్టి పట్టుకోవాలని ఆలోచన. కానీ అవి వచ్చేది పెద్ద రొదలో కలిసి. ఎలా వస్తాయో ముందే తెలిసి ఉంటేనే ఆ రొదలోంచి విడదీయగలం. లక్ష చుట్లలో మన లెక్క అర చుట్టు తేడా వచ్చినా, తరంగం కళ్లముందే ఉండీ దొరకదు. కక్ష్య గుండ్రంగా కాకుండా కొంచెం సాగి ఉంటే చుట్టుకు ఎంత శక్తి పోతుందన్నదే మా పేపరు.

విదేశీ బృందమొకటి కంప్యూటర్ మీద అదే లెక్క వేసింది. గుండ్రటి కక్ష్యకు వాళ్లదీ మాదీ ఒకటే. సాగిన కక్ష్యకు కలవడం లేదు. అక్టోబరు 12న ఇక్కడ సదస్సు. వాళ్లొస్తున్నారు. వాళ్ల ఎదుట నేను మాట్లాడాలి. తప్పు వాళ్ల ప్రోగ్రాములో ఉందని గైడు గారంటారు. నేను నాలుగుసార్లు చూశాను, నా లెక్కలో నాకేమీ కనిపించలేదు. అందుకే భయం. నా కళ్లు నా తప్పును చూడవు.

డిసెంబరులో థీసిస్ ఇవ్వాలి. జర్మనీలో రెండేళ్ల పోస్టు ఒకటి దాదాపు ఖాయమైంది, అదీ ఈ పేపరు చూసే. ఇంతకన్నా చెప్పను.

నీ
నుస్రత్

—

విజయవాడ,
1 జూలై 1998.

నుస్రత్‌కి,

కట్ట అందింది. తెరేసమ్మ గారని మా హాస్టల్ వంటమనిషి, సంతకం పెట్టి తీసుకుని, "ఎవరో పెళ్లిపత్రికలు అచ్చేయించి పంపారండీ" అంటూ తెచ్చిచ్చింది. అంత బరువుంది.

చేస్తాను. నాకు వేరే తీరిక లేదు కనుక స్టడీ అవర్‌లోనే చేస్తాను. పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది దాకా ఎనభై మంది ఆడపిల్లలు తలొంచుకుని ఎమ్‌సెట్ బిట్లు చేస్తుంటారు. వాళ్ల మధ్య కుర్చీ వేసుకుని నేనూ తలొంచుకుంటున్నాను. మా ప్రిన్సిపాల్ నిన్న కిటికీలోంచి చూసి, "మేడంగారు తెగ ప్రిపేరవుతున్నారే" అన్నాడు. ఔనండీ అన్నాను.

ఒక్క షరతు. వాళ్లు ఏ మెట్టును అనుమానిస్తున్నారో, నువ్వు ఏ మెట్టుకు భయపడుతున్నావో నాకు చెప్పకు. చెబితే నా కళ్లు అక్కడికే పోతాయి, మిగతావన్నీ వదిలేస్తాయి.

విడి కాగితాలు ఫ్యాను గాలికి లేస్తున్నాయని ఆదివారం వన్‌టౌన్ వెళ్లి మీ నాన్నగారి బైండింగ్ షాపులో కుట్టించుకొచ్చాను. హబీబ్ గారు ఒక్కో పేజీ తిప్పి చూశారు.

"ఇదంతా మా అమ్మాయి రాసిందేనా తులసమ్మా?"

"ఆవిడ రాసిందేనండీ."

"తప్పులేమన్నా ఉన్నాయా?"

"అది చూడ్డానికే కదండీ కుట్టమంటున్నది."

"చూడమ్మా. నీ కంటపడితే చాలు. మీరిద్దరూ చదువుకునేప్పుడు కూడా మా అమ్మాయి అదే చెప్పేది, తులసి సరే అంటే సరేనని."

కుట్టుకూలీ తీసుకోలేదు. మీ అమ్మగారు జమాల్ బీ గారు కులాసా.

పేపరు కూడా చదివాను. చివర కృతజ్ఞతలు చదివాను. చాలామంది పేర్లున్నాయి.

తులసి

—

పూణే,
19 జూలై 1998.

ప్రియమైన తులసీ,

మూడు వారాలైంది. రోజూ పోస్టు పెట్టె దగ్గరికి రెండుసార్లు వెళ్తున్నాను.

ఇక్కడ పరిస్థితి బాగాలేదు. ఆ బృందం పెద్దావిడ గైడు గారికి ఉత్తరం రాసింది. మర్యాదగానే రాసింది. మీ పద్ధతి ప్రకారం పోతే ఏడాదిలో పదకొండు చుట్లు తేడా వస్తోంది, మీరొకసారి చూసుకుంటారా అని. గైడు గారు నన్ను పిలిచి ఆ కాగితం నా ముందుకు తోశారు.

"నుస్రత్, నీ లెక్క మీద నీకు నమ్మకముందా?"

"ఉందండీ."

"ఉందంటే నేను రాసేస్తాను. తర్వాత లేదంటే పోయేది నా పేరు."

ఉందనే అన్నాను.

కృతజ్ఞతల గురించి రాశావు. ఆ పేజీ గైడు గారు రాశారు తులసీ. నన్ను అడగలేదు.

ఎంతదాకా వచ్చావు? ఇరవై మూడు దాటావా? తొందరపెడుతున్నానని తెలుసు. కార్డు ముక్క రాసినా చాలు.

నుస్రత్

—

విజయవాడ,
9 ఆగస్టు 1998.

నుస్రత్,

అరవై రెండు పేజీలూ అయ్యాయి. తప్పు లేదు.

ఇక్కడ క్వార్టర్లీ పరీక్షల పని. ఇంతకన్నా రాయలేను.

తులసి

—

పూణే,
24 ఆగస్టు 1998.

తులసీ, నా బంగారు తల్లీ,

నీ రెండు వరుసలు చేతిలో పట్టుకుని గైడు గారి గదికి పరిగెత్తాను. ఆయనకు తెలుగు రాదు. నేనే చదివి చెప్పాను. ఎవరీ తులసి అన్నారు. మా బ్యాచ్‌లో ఫస్ట్, ఆమె లెక్క తప్పడం నేనెప్పుడూ చూడలేదు అన్నాను. ఆయన వెంటనే మా పేపరు వేసిన పత్రికకు వివరణ టైపు చేయించారు. మొత్తం లెక్క బయటి వ్యక్తి ఒకరు స్వతంత్రంగా మళ్లీ చేసి సరిచూశారు, మా ఫలితం సరైనదే అని. నిన్న పోస్టులో పడింది.

రెండు నెలల తర్వాత కడుపునిండా అన్నం తిన్నాను.

అబ్బాను సదస్సుకు రమ్మన్నాను. ఆయనకేం అర్థమవుతుందని అమ్మీ అంటే, "నా కూతురు నిలబడి మాట్లాడుతుంటే చూడ్డానికి అర్థం కావాలా" అన్నారట. అక్టోబరు తొమ్మిదిన బయల్దేరతారు.

ఒక్కటి అడుగుతాను. నువ్వింత చిన్న ఉత్తరం ఎప్పుడూ రాయలేదు. చేసిన కాగితాలు కూడా పంపలేదు. ఒంట్లో బాగుందా? నా మీద కోపమా?

నీ
నుస్రత్

—

విజయవాడ,
5 అక్టోబరు 1998.
స్పీడ్ పోస్టులో.

నుస్రత్,

ఇది నిలబడి చదవకు. కూర్చో.

ఇరవై మూడో పేజీలో తప్పుంది. జూలై పదకొండునే చూశాను. లేదని నీకు అబద్ధం రాశాను.

ముందు తప్పు చెబుతాను, తర్వాత నన్ను తిట్టుకో. అక్కడ ఏడు పదాలకు ఒక చుట్టు మొత్తం మీద సగటు తీశావు. సాగిన కక్ష్యలో వస్తువు పెద్దదానికి దగ్గరగా వచ్చినప్పుడు వేగంగా పోతుంది, దూరంగా ఉన్నప్పుడు నెమ్మదిస్తుంది. కాబట్టి సగటు కాలాన్ని బట్టి తీయాలి, ఎక్కడ ఎంతసేపు ఉందో ఆ తూకం వేసి. ఆరు పదాలకు ఆ తూకం ఉంది. మూడో పదానికి లేదు. దాన్ని ఊరికే కోణాన్ని బట్టి తీశారు. గుండ్రటి కక్ష్యలో వేగమంతా ఒకటే గనక రెండు సగటులూ ఒకటే అవుతాయి. అందుకే అక్కడ అందరివీ కలిశాయి, ఎవరికీ అనుమానం రాలేదు. సరిదిద్ది వేశాను. వాళ్లు చెప్పిన పదకొండు చుట్లు సరిగ్గా అక్కణ్ణుంచే వస్తున్నాయి. తొమ్మిది పేజీలు దీనితో పెట్టాను.

తీశారు అన్నాను. తీసింది నేనే. ఆ పేజీ చూడగానే గుర్తుపట్టాను. ఎమ్మెస్సీ రెండో ఏడు నా నోట్సులో నేను కట్టిన సూత్రమది. నేను పెట్టిన గుర్తులు కూడా నువ్వు మార్చలేదు. మొదట ఒళ్లు మండింది. నా సూత్రం వాడుకుని నా పేరు రాయలేదని. ఆ కోపంతోనే కూర్చుని తప్పుందేమోనని వెతికాను. దొరికింది. ఆరుసార్లు చేశాను. అనుమానం తీరక కంకిపాడులో మా ఇంటికి వెళ్లి ఇనప్పెట్టెలోంచి ఆ నోట్సు తీశాను. అదే తప్పు, అదే మూడో పదం. కింద సరిపోయిందని అప్పట్లో నేను గీసుకున్న రెండు గీతలు.

నీ మీద కోపంతోనే దాచానని కొన్నాళ్లు అనుకున్నాను. కాదు. ఈ ఊళ్లో నాకున్నది ఒకే ఒక్క సంగతి, రామతులసి లెక్క తప్పదు అన్న మాట. పిల్లలంటారు, ప్రిన్సిపాల్ అంటాడు, మీ నాన్నగారంటారు. తప్పిందని నా చేత్తో రాసి నీకు పంపడానికి నాకు చెయ్యి రాలేదు. అంతే. ఇంతకన్నా పెద్ద కారణం లేదు. ఉంటే బాగుండేది.

నిన్న మీ నాన్నగారు హాస్టల్‌కి వచ్చారు. కొత్త చొక్కా కుట్టించుకున్నారు. గేటు దగ్గరే నిలబడి, "ఏమైనా పంపాలా తులసమ్మా, శుక్రవారం వెళ్తున్నా" అన్నారు.

"ఏం లేదండీ."

"పెద్దపెద్దోళ్లు అడ్డం తిరిగారంటగా. నువ్వు చూసి సరేనన్నావని అమ్మాయి చెప్పింది. ఇంక నాకు దిగుల్లేదు."

ఆయన అటు తిరిగి వెళ్తుంటే వెనక కాలరు దగ్గర చొక్కా మడత ఇంకా అలాగే ఉంది. ఆ మడత చూస్తూ నిలబడ్డాను. ఎస్‌టీడీ బూత్‌కి వెళ్లి నీ హాస్టల్ నంబరు రెండుసార్లు తిప్పాను. నీ పేరు పిలుస్తుంటే పెట్టేశాను. నోటితో చెప్పలేకపోయాను. అందుకే రాశాను. ఇది పన్నెండులోగా చేరాలి.

తులసి

—

పూణే,
15 అక్టోబరు 1998.

రామతులసి గారికి,

మీ ఉత్తరం పదో తారీఖు మధ్యాహ్నం అందింది. ధన్యవాదాలు. అబ్బా అప్పటికే వచ్చి గెస్ట్ హౌస్‌లో ఉన్నారు.

గారు అని ఎంతసేపు రాయగలనో తెలియడం లేదు. నువ్వు చేసిన పని ఏమిటో నీకు తెలుసా? ఆగస్టులో చెప్పి ఉంటే మేమే ముందుగా దిద్దుకునేవాళ్లం. ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. నువ్వు లేదన్న మాట మీద మేము పత్రికకు రాశాం. బయటి వ్యక్తి సరిచూశారని రాశాం. ఆ కాగితం కింద మా గైడు గారి సంతకముంది.

ఆదివారమంతా నీ తొమ్మిది పేజీలు చేశాను. సరిగ్గా ఉన్నాయి. సాయంత్రం గైడు గారింటికి వెళ్లి చూపించాను. ఆయన ఆఖరి పేజీ దాకా చదివి పక్కన పెట్టారు.

"రేపు వాళ్లు అడుగుతారా?"

"అడుగుతారండీ."

"అడిగితే పరిశీలిస్తున్నాం అను. సదస్సయ్యాక తీరిగ్గా దిద్దుకుందాం. రేపే చెప్పాలని ఏముంది?"

సరేనన్నాను. నిజంగా సరేననే లేచొచ్చాను తులసీ. పొద్దున వేదిక ఎక్కేదాకా అదే అనుకున్నాను. మొదటి నాలుగు స్లైడ్లు నడిచాయి. ఐదోది ఆ సూత్రం. దాన్ని తెర మీద వేశాను. ముందు వరసలో ఆ పెద్దావిడ పెన్ను మూసేసి నా ముఖంలోకే చూస్తోంది. ఇందులో మూడో పదం తప్పు, మీరు చెప్పిందే నిజం అన్నాను. ఎప్పుడు తెలిసిందని ఆవిడ అడిగింది. మొన్న అన్నాను. ఎవరు పట్టుకున్నారు అంది. విజయవాడలో నా స్నేహితురాలు అన్నాను. అంతకుముందు సరిచూసింది కూడా ఆవిడేనా అని వెనక నుంచి ఎవరో అన్నారు. కొందరు నవ్వారు. గైడు గారు తలెత్తలేదు.

అందరూ వెళ్లాక అబ్బా దగ్గరికి వచ్చారు. "ఏమైందమ్మా, చివర్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదే?"

"తప్పు చెప్పాను అబ్బా."

"తప్పు చెప్పావా, తప్పని చెప్పావా?"

"తప్పని చెప్పాను."

"మరి దానికేడుస్తావేం" అన్నారు. కానీ ఆయన ముఖమూ పాలిపోయింది. ఆయనకు భాష తెలియకపోయినా ఆ నవ్వు అర్థమైంది.

జర్మనీ వాళ్లు ఇంకో ఏడాది ఆగి చూద్దామని రాశారు. థీసిస్ వాయిదా పడింది. గైడు గారు నాతో అవసరమైనంతే మాట్లాడుతున్నారు.

నా వంతు కూడా చెప్పేస్తాను. కృతజ్ఞతల పేజీ గైడు గారు రాయలేదు. నేనే రాశాను. నీ పేరు మర్చిపోలేదు. రాసి కొట్టేశాను. ఆ సూత్రం నాదేనని ఆయన అనుకుంటున్నారు, అనుకోనిచ్చాను. ఇద్దరం ఇద్దరమే. కానీ నేను నీ పేరు దాచాను. నువ్వు నన్ను అంతమంది ముందుకు గుడ్డిగా పంపబోయావు. రెండూ ఒకటి కావు.

ఇక రాయకు.

నుస్రత్

—

విజయవాడ,
22 నవంబరు 1998.

నుస్రత్,

రాయవద్దన్నావు. ఇది ఒక్కటి రాసి ఊరుకుంటాను. క్షమించమని అడగడానికి కాదు.

తొంభై అయిదులో నీకు వచ్చినట్టే నాకూ పూణే ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. మా నాన్న ఒప్పుకోలేదని నీకు చెప్పాను. నువ్వు రెండు రోజులు మా నాన్నను తిట్టావు. ఆయన ఒప్పుకోకపోవడమేమిటి నుస్రత్, మా నాన్న రామకోటేశ్వరరావు గారు కంకిపాడు సెంటర్లో కనబడ్డ వాళ్లందరికీ చెప్పాడు. కొత్త సూట్‌కేసు కొని, తనే బండెక్కించాడు. నేను ఖమ్మంలో దిగిపోయాను. రెండు గంటలు ప్లాట్‌ఫారం మీద కూర్చుని తిరుగు బండెక్కాను. ఇంటర్వ్యూ బాగా చేయలేదని ఇంట్లో చెప్పాను.

ఎందుకంటే అక్కడ అందరూ ఫస్టులే ఉంటారు. వాళ్ల మధ్య నా లెక్క తప్పితే ఏమవుతానోనని. ఇక్కడ ఎమ్‌సెట్ బిట్లలో తప్పడానికేమీ లేదు. జవాబులు ముందే తెలుసు. మూడేళ్లుగా అందులోనే దాక్కున్నాను.

మా నాన్నకు నిన్న చెప్పాను. పొలం నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. చెంబు కింద పెట్టి, "ఖమ్మంలోనా?" అన్నాడు. అన్నం తినేటప్పుడు మళ్లీ, "ఖమ్మం దాకా వెళ్లావన్నమాట" అన్నాడు.

మీ గైడు గారికి నేనొక ఉత్తరం రాశాను, ఇంగ్లీషులో. జూలైలోనే నాకు తెలుసనీ, నీకు తెలియదనీ, నువ్వు నన్ను నమ్మావనీ. అది నీకు చెప్పాలి కనుక ఇది రాశాను.

తులసి

—

పూణే,
4 ఏప్రిల్ 1999.

తులసికి,

ఐదున్నర నెలలు రాయలేదు. రాయాలనిపించలేదు. సంక్రాంతికి ఒకటి మొదలుపెట్టి చించేశాను, అందులో అన్నీ తిట్లే.

గైడు గారు నీ ఉత్తరం నాకు డిసెంబరులో చూపించారు. చదువుకోమని ఇచ్చి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. "ఈ అమ్మాయి ఇది రాయకపోయినా ఎవరికీ తెలిసేది కాదు" అన్నారు. ఆ తర్వాత కొంచెం కొంచెంగా మాట్లాడుతున్నారు.

ఈ శీతకాలమంతా అరవై రెండు పేజీలూ మొదటి నుంచి చేశాను. సరిదిద్దాక మా అంకెలూ వాళ్లవీ ఐదో స్థానం దాకా కలిశాయి. ఆ పెద్దావిడకు పంపితే తమ ప్రోగ్రాముకు ఇంతకన్నా మంచి పరీక్ష దొరకలేదని రాసింది.

చేస్తున్నప్పుడు ఒకటి తెలిసింది. నేను ఆ లెక్క నాలుగుసార్లు చూశానని నీకు రాశాను కదా. ఇరవై మూడో పేజీ మాత్రం ఒక్కసారి కూడా చేయలేదు. ప్రతిసారీ తిప్పేసి ఇరవై నాలుగుకు పోయేదాన్ని. నీది కదా, తప్పెందుకుంటుందని. పైన నా పేరు పెట్టుకున్నాను, లోపల సరిచూడ్డం మాత్రం నీకే వదిలేశాను. నీ లెక్క తప్పదని ఊరంతా అంటుందని రాశావే, అందరికన్నా గట్టిగా అన్నది నేనే.

కోపం పోయిందని చెప్పను. కొంత ఉంది.

అసలు విషయానికి వస్తాను. కక్ష్య సాగి ఉండటమే కాదు, పెద్ద కృష్ణబిలం తన చుట్టూ తాను తిరిగే ఇరుసుకు పక్కగా వాలి కూడా ఉంటుంది. అలాంటి కక్ష్యను చెప్పడానికి మూడు రాశులు కావాలి. శక్తి, కోణీయ ద్రవ్యవేగం, ఇంకొకటి. మొదటి రెండూ ఎంత తరుగుతున్నాయో దూరానికి పోయిన తరంగాల్ని చూసి చెప్పొచ్చు. మూడోది అలా అందదు. దానికి దారి ఎవరికీ పూర్తిగా తెలియదు. కక్ష్య చాలా కొంచెం వాలినప్పుడైతే ఒక మార్గం ఉందనిపిస్తోంది, కానీ నా ఒక్కదాని వల్ల కావడం లేదు. దిద్దుబాటుతో కలిపి దీన్ని కొత్త పేపరుగా పంపాలి. జూన్ ముప్పై గడువు.

నువ్వు చేస్తావా? ఈసారి సరిచూడ్డం కాదు, చేయడం. పేపరు మీద మూడు పేర్లుంటాయి. నీ పేరు ఇంటిపేరుతో రాయాలా, వద్దా?

ఎవరి పేజీ ఎవరిదైనా ఇద్దరం చేద్దాం. తప్పు కనబడితే కనబడిన రోజే చెప్పాలి. మర్నాడు కాదు.

నుస్రత్

—

విజయవాడ,
18 జూన్ 1999.

నుస్రత్,

పంతొమ్మిది పేజీలు పంపుతున్నాను. నీ ఏప్రిల్ ఉత్తరానికి కార్డు ముక్కలే రాశాను గానీ రెండు నెలలూ దీని మీదే ఉన్నాను. కాలేజీలో ఎండాకాలం క్లాసులు లేని వారం కంకిపాడులో కూర్చుని చేశాను. నీ మార్గం నడుస్తుంది. పదమూడో పేజీలో నీ చిన్న రాశి ఒకటి వదిలేయకూడదు, ఉంచితేనే చివర అన్నీ సర్దుకుంటున్నాయి. నువ్వు ఒప్పుకోకపోతే రాయి, దెబ్బలాడదాం.

మిగిలినవి మూడుసార్లు చూశాను. బాగానే ఉన్నాయనిపిస్తోంది. నీవి నాకు వచ్చాయి. అందులో ఎనిమిదో పేజీ కింద ఒక రెండు ఎగిరిపోయింది, నువ్వే మళ్లీ తర్వాతి పేజీలో తెచ్చుకున్నావు. నిద్రపోతూ రాశావా?

ఇంటిపేరు వద్దు. మా నాన్న పేరులో మొదటి అక్షరం ముందు పెట్టు. ఆయనకు చూపించాలి.

తులసి

—

టెలిగ్రాం
విజయవాడ, 25 జూన్ 1999

పేజీ ఆరు మూడో వరుస తప్పు. నాది. పేపరు ఆపు. ఉత్తరం వెనక వస్తోంది. తులసి.

—

పూణే,
25 జూన్ 1999.

తులసీ,

ఇప్పుడే నీ టెలిగ్రాం వచ్చింది. మధ్యాహ్నం రెండున్నర. సెమినార్‌లో ఉంటే మనిషొచ్చి పిలిచాడు. టెలిగ్రాం అనగానే అందరూ లేచి బయటికొచ్చారు, ఎవరు పోయారోనని. మా అబ్బాకే ఏమైనా అయిందనుకున్నాను. గైడు గారే కాగితం అందుకుని విప్పారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కదా, ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "నాది అంటే ఏమిటి? ఎవరీ నాది?" అని అడుగుతున్నారు కంగారుగా.

లాక్కుని చదివాను. అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను. నవ్వో ఏడుపో నాకే తెలియలేదు, చుట్టూ ఉన్నవాళ్లు మంచినీళ్లు తెచ్చారు. ఆరో పేజీలో తప్పుందట అని చెబితే గైడు గారు నా వైపు ఒక క్షణం చూసి, "ఎప్పుడు దొరికిందట?" అన్నారు. టెలిగ్రాం మీద ముద్ర చూపించాను. ఈరోజు పొద్దున ఎనిమిదీ ఇరవై.

"స్టడీ అవర్ అవగానే పోస్టాఫీసుకు పరిగెత్తి ఉంటుంది" అన్నాను. ఆయన ఏమనుకున్నారో, నా చేతిలోంచి ఆ కాగితం తీసుకుని మడతపెట్టి జేబులో పెట్టుకున్నారు.

పేపరు ఆపాను. ఐదు రోజులుంది. నీ ఉత్తరం వచ్చేదాకా ఆగను, ఆరో పేజీ మూడో వరుస ఇప్పుడే మొదలుపెడుతున్నాను. నీకన్నా ముందు తేల్చేస్తే మాత్రం టెలిగ్రాం నేనిస్తాను.

నుస్రత్